గేటు నేను కొట్టలేదు

మా కోడలు నడిపే బండిని మా అపార్టుమెంటు పిల్లలు ఏనుగు అంటారు. మూడు వరసల సీట్ల ఎస్‌యూవీ. దాని వెనక తలుపు పైకెత్తితే కింద నలుగురు నిలబడి వాన వెలిసేదాకా కబుర్లు చెప్పుకోవచ్చు. అంత బండి కొన్నది షికార్ల కోసం కాదు. కిడ్నీలు పాడైన రోగుల్ని తెల్లవారుజామునే ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. అయిపోయాక మళ్ళీ ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళని దింపుతుంది. ఈ పని ఇచ్చింది ఆస్పత్రి వాళ్ళే. వాళ్ళది ఒకటే షరతు. బండి మీద యాక్సిడెంటు అన్న మాట రాకూడదు. వస్తే మర్నాటి నుంచి వేరే బండి పెట్టుకుంటారు.

నేను కారు సీట్లకి కవర్లు, కుషన్లు కుట్టే పని చేస్తాను. ఏనుగులో సీట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టింది నేనే, నీరసంగా ఉన్న మనిషి ఒరిగినా నడుము జారకుండా. వెనక వరసలో కూర్చున్న వాళ్ళ మొహాన ఎండ కొడుతోందంటే, మా ఆవిడ దాచుకున్న పూల గుడ్డతో వెనక అద్దం పై సగానికి ఒక కర్టెన్ కూడా కుట్టి తగిలించాను. మా అబ్బాయి ఓడల మీద పనిచేస్తాడు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళ మీదే. ఇంటికి సంబంధించిన మంచీ చెడూ నేను, మా ఆవిడ, కోడలు చూసుకుంటాం.

ఒకరోజు పొద్దున్న పార్కింగ్ దగ్గర ఇనుప గేటు వంగి ఉంది. ఎవరు కొట్టారో ఎవరూ చూడలేదు. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పెద్ద బండి వారు రాబోయే మీటింగులో అందరి ముందూ తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేకపోతే ఆస్పత్రికి ఫిర్యాదు వెళ్తుంది అని.

అసోసియేషన్ సెక్రటరీ గారు మా ఇంటికి వచ్చారు. చెడ్డ మనిషి కాదు. నీళ్ళ మోటారు పాడైతే ఆయనే దగ్గరుండి బాగు చేయిస్తారు. కాకపోతే ఆయన ఒకసారి అనుకున్నారంటే అది జరిగిపోయినట్టే.

"మీరు పెద్దమనిషి. ఇంటి తరఫున మీరైనా ఒక్క మాట అనేయండి. తెలియక జరిగిందీ, క్షమించండీ అని. అక్కడితో అయిపోతుంది," అన్నారు.

"మా కోడలు కొట్టగా మీరు చూశారా?"

"చూడాలేంటండీ? పిల్లలు దానికి ఏనుగని ఊరికే పేరు పెట్టారా? గేటు వంగితే మరి స్కూటర్లని అడగమంటారా?"

లోపల్నుంచి కోడలు వచ్చింది. చేతిలో బండి తాళం ఉంది.

"గేటు నేను కొట్టలేదండీ," అంది.

"కొట్టావని తిట్టడానికి రాలేదమ్మా. సారీ చెప్పమంటున్నాను, అంతే."

"కొడితే చెప్పేదాన్ని. కొట్టలేదు, చెప్పను."

ఆయన నా వైపు చూశారు. నేను టీ తాగుతారా అని అడిగాను. వద్దని వెళ్ళిపోయారు.

ఆ రోజు పూజ దగ్గర కూర్చున్నాక నాకు మనసు నిలవలేదు. తెలిసీ తెలియకా చేసిన తప్పులు మన్నించమని రోజూ దేవుడికి దణ్ణం పెట్టే వాణ్ణే. చేశానో లేదో తెలియని వాటికి కూడా మన్నించమంటాను. అలాంటప్పుడు ఒక గేటు కోసం తల వంచితే పోయేదేముంది? అణకువ మంచిదేగా? ఈ ముక్కే కోడలితో అన్నాను.

ఆమె నాకు అన్నం వడ్డిస్తూ, "దేవుడి దగ్గర చెప్పుకోండి మామయ్యా, ఎన్నయినా చెప్పుకోండి. ఆయన ఆస్పత్రికి ఉత్తరం రాయడు," అంది.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళకని లేచి వెళ్ళింది.

"సారీ చెబితే యాక్సిడెంటు చేశానని నేనే రాసిచ్చినట్టు. చెప్పకపోతే వాళ్ళు రాస్తారు. రెండు రకాలుగానూ పని పోతుంది. పోయేదేదో అబద్ధం చెప్పకుండానే పోనివ్వండి."

"దేవుడు చూస్తూనే ఉంటాడమ్మా."

"చూస్తాడు. మీటింగుకి వచ్చి చెప్పడు కదా. అందుకే కెమెరాలు తెప్పించాను. ముందొకటి, వెనకొకటి."

పెట్టె అప్పటికే మంచం కింద ఉంది.

కెమెరాలు బిగించడానికి నా బావమరిది వచ్చాడు. కార్లకి ఎలక్ట్రీషియను. ఒకసారి మా ఇంట్లో మిక్సీ బాగుచేస్తానని కూర్చుని అంతస్తు మొత్తానికి కరెంటు పోగొట్టాడు. అప్పట్నుంచి అందరికీ వాడు ఫ్యూజే. మేడ వెనక నీడలో, ఎవరికీ కనిపించని చోట పని కానిచ్చేద్దామని నేనన్నాను. కోడలు ఒప్పుకోలేదు. ఆదివారం పట్టపగలు, అసోసియేషన్ ఆఫీసు కిటికీకి ఎదురుగా బండి పెట్టి నాలుగు తలుపులూ బార్లా తెరిచింది. పైన మా ఆవిడ బాల్కనీలో కుర్చీ వేసుకుంది.

"ఏమ్మాయ్, సిగరెట్ సాకెట్లో ప్లగ్గు దోపుకుంటే సరిపోయేదిగా? నా ఆదివారం ఎందుకు తగలేయడం?" అన్నాడు ఫ్యూజు.

"తాళం తీస్తే అది ఆరిపోతుంది చిన్నమామయ్యా. నడిచేటప్పుడు నా కళ్ళున్నాయి. బండి ఆగి ఉన్నప్పుడు చూసే కళ్ళు కావాలి నాకు."

"అదీ పాయింటే. బావా, నువ్వు నీ పంచె ఎగ్గట్టి ముందద్దం పక్క స్తంభం మీది ప్లాస్టిక్ తియ్యి. నీ చేతికైతే క్లిప్పులు విరగవు."

"నేను ప్యాంటులో ఉన్నానురా."

"మర్యాదకి అన్నాను."

స్టీరింగు కింద మూత తీసి వాడు తలకిందులుగా దూరాడు. టెస్టరు పెట్టి ఒక్కొక్క ఫ్యూజూ తట్టి చూస్తూ, పైకి కాళ్ళు మాత్రమే కనిపిస్తుండగా కోడలికి విడమరిచి చెప్పాడు. పసుపు తీగ ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకి. ఎర్ర తీగ తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకి. నల్లది రంగు లేని బోల్టు కింద, బండి ఇనుముకి. ఎర్ర తీగలో కరెంటు పోగానే బండి నిద్రపోయిందని కెమెరాకి తెలుస్తుంది, అప్పట్నుంచి కాపలా మొదలుపెడుతుంది.

"రాత్రంతా కాపలా కాస్తే బ్యాటరీ దిగిపోదూ? పొద్దున్నే రోగులు ఎదురుచూస్తుంటారు," అంది కోడలు.

"బ్యాటరీ తగ్గుతోందంటే ఈ చిన్న పెట్టె దానంతటదే ఆపేస్తుంది. నీ బండి నీకు స్టార్టవుతుంది. ఎయిర్‌బ్యాగు ఫ్యూజు జోలికి మాత్రం వెళ్ళను, బతికుంటే మళ్ళీ మీ ఇంటికి భోజనానికి రావాలిగా."

అద్దం పక్క స్తంభంలో ముడిచి పెట్టిన ఎయిర్‌బ్యాగు ఉంది. తీగ దాని మీదుగా వెళ్తే అది విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది. అందుకని దాని వెనక నుంచి పోనిచ్చి కట్టాం. అక్కడ్నుంచి తీగని పైకప్పు గుడ్డ అంచులోకి వేలితో నొక్కుకుంటూ, ఒక్కొక్క తలుపు దాటుకుంటూ వెనక్కి వెళ్ళాను. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి తీగ అయిపోయింది.

"ఇది మేకని కట్టే తాడు బావా. మనది ఏనుగు," అని ఫ్యూజు తన సంచిలోంచి పొడుగు తీగ తీశాడు.

వెనక తలుపుకీ పైకప్పుకీ మధ్య మడతల రబ్బరు గొట్టం ఉంటుంది. దాంట్లోంచి తీగ దూర్చడానికి వాడు పడ్డ అవస్థ చూసి పైనుంచి మా ఆవిడ, "సూదిలో దారం ఎక్కించడం మీ బావకి చెప్పరా, నువ్వు పక్కకి తప్పుకో," అంది. నిజంగానే గట్టి వైరు ముందు దూర్చి, దాని చివర తీగ కట్టి లాగాను. అద్దం నిండా వేడి గీతలున్నాయి కాబట్టి కెమెరాని అద్దానికి అంటించకుండా, దాని పైనున్న ప్లాస్టిక్ పట్టీకి బిగించాం.

అప్పటికి సెక్రటరీ గారు కిందికి వచ్చారు.

"ఇదేమిటమ్మా? ఆడవాళ్ళూ పిల్లలూ తిరిగే చోటు. అందర్నీ వీడియో తీస్తావా?"

"నా బండి ముందు ఏముంటే అది పడుతుందండీ. మీ గేటు కూడా పడుతుంది. ఈసారి వంగితే మీకే పనికొస్తుంది."

"పర్మిషన్ అడగాలి కదా."

"పైన చూడండి, మీరు పెట్టించిన కెమెరా నెలల తరబడి పాడైపోయి ఉంది. దాన్ని బాగు చేయించే రోజున నాదీ తీసేస్తాను."

ఆయన తలెత్తి ఆ కెమెరా వంక చూశారు. ఫ్యూజు బండి కింద చూస్తున్నట్టు వంగి నవ్వుకున్నాడు. ఫోనులో చూస్తే ముందు కెమెరాలో గేటు, నోటీసు బోర్డు, సెక్రటరీ గారి వీపు కనిపించాయి. వెనక కెమెరాలో గోడ రంగు పెచ్చులతో సహా కనిపించింది. అంతా బాగుందనుకున్నాం. వాళ్ళిద్దరూ చేతులు కడుక్కోవడానికి వెళ్తే, పనికి అడ్డమని తీసి పెట్టిన కర్టెన్‌ని నేను దులిపి యథాప్రకారం తగిలించాను. పని ముగించాక ఎక్కడివక్కడ సర్దడం నాకు అలవాటు. మళ్ళీ ఎవరమూ ఫోను తీసి చూడలేదు.

ఆ వారంలో ఒక సంగతి గమనించాను. గేటు దగ్గర బళ్ళు నెమ్మదిగా వెళ్తున్నాయి. ఏనుగు ముందు నుంచి నడిచే వాళ్ళు చొక్కాలు సవరించుకుంటున్నారు. కెమెరా మీద మెరిసే చిన్న నీలం దీపానికే నడక మార్చుకునే వాళ్ళం, దేవుడు చూస్తున్నాడని పుట్టినప్పట్నుంచీ వింటూ కూడా ఎందుకు మార్చుకోమా అనిపించింది. నన్నూ కలుపుకునే అంటున్నాను.

మీటింగు ఇంకా రెండు మూడు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం కోడలు ఆదరాబాదరాగా బండి వెనక్కి తీసింది. ఒక రోగికి ఆయాసంగా ఉందని ఫోను వచ్చింది. కింది అంతస్తు టీచరమ్మ పార్కింగ్ స్తంభం పక్కన పెట్టుకున్న పెద్ద మట్టి కుండీకి వెనక చక్రం తగిలింది. కుండీ పగిలిపోయింది. దిగి చూసింది, చుట్టూ ఎవరూ లేరు. పగిలిన పెంకుల్ని ఎవరికీ గుచ్చుకోకుండా గోడ వారకి నెట్టి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి టీచరమ్మ తలుపు తడితే తాళం. అక్కగారింటికి వెళ్ళిందనీ మీటింగు నాటికి వస్తుందనీ పక్కవాళ్ళు చెప్పారు.

ఇంటికొచ్చి మాతో అంతా చెప్పింది.

నేను ఆలోచించి, "మీటింగయ్యాక చెబుదాం తల్లీ. దాచమనడం లేదు. ఇప్పుడు చెబితే అదిగో, కొడుతూనే ఉంటుంది అంటారు. ఉన్న పని కాస్తా పోతుంది," అన్నాను.

"ఆయన అన్నదీ నిజమేనమ్మా. కుండీ ఎక్కడికి పోతుంది, ఎటూ పగిలిందేగా," అంది మా ఆవిడ.

కోడలు ఫోనులో వెనక కెమెరా రికార్డింగు తీసింది. తెర నిండా పసుపు పూలు. ఆకుపచ్చ ఆకులు. అటూ ఇటూ ఊగుతున్నాయి. నేను కుట్టిన కర్టెన్. పై అంచుకి నేను ముచ్చటపడి పెట్టిన కుచ్చులు సరిగ్గా కెమెరా కంటికి అడ్డంగా ఉన్నాయి. బిగించినప్పట్నుంచీ అది లోకంలో ఇంకేమీ చూడలేదు.

అబద్ధం ఎందుకు, నా గుండె తేలికపడింది. "దేవుడే తెర దించాడమ్మా," అన్నాను.

"తెర కుట్టింది మీరు మామయ్యా. ఆయన మీద పెట్టకండి," అంది.

తర్వాత వాల్యూమ్ పెంచింది. వెనక్కి వచ్చే బండి బీప్ బీప్ శబ్దం, ఒక్కసారిగా ఫెళ్ళున మోత, ఆ వెంటనే కోడలి గొంతు. "అయ్యో, టీచరమ్మ కుండీ. నేనే కొట్టాను."

మా ముగ్గురం కాక, కుండీ సంగతికి ఆ గొంతొక్కటే సాక్ష్యం. ఒక్క వేలు ఆనిస్తే అదీ చెరిగిపోతుంది. నేను ఆ వేలి వంక చూస్తూ కూర్చున్నాను. ఆమె ఫోను పక్కన పెట్టి, అన్నం తినేసి, ఆస్పత్రి వాళ్ళకి ఫోను చేయడానికి బాల్కనీలోకి వెళ్ళింది.

మీటింగు రోజున ఆఫీసు గదిలో కుర్చీలు చాలక సగంమంది నిలబడ్డారు. టీచరమ్మ ముందు వరసలో కూర్చుంది. ఫ్యూజు మా అపార్టుమెంటు వాడు కాకపోయినా వచ్చి గుమ్మానికి చేరబడ్డాడు. సెక్రటరీ గారు గేటు సంగతి మొదలుపెట్టబోయారు.

కోడలు లేచి, "ముందు కుండీ సంగతి," అంది.

"ఏ కుండీ?"

ఆమె ఫోనుని గదిలోని స్పీకరుకి కలిపి, తెర అందరి వైపూ తిప్పింది. పూల గుడ్డ ఊగింది. వెనకెవరో, "ఇదేంటి, బట్టల షాపు ప్రకటనా?" అన్నారు. నవ్వులు లేచాయి. నేను తల దించుకున్నాను. ఇంతలో ఫెళ్ళుమంది. తర్వాత ఆ గొంతు వినిపించింది. నవ్వులు ఆగిపోయాయి.

"టీచరమ్మగారూ, మీ కుండీ నేను పగలగొట్టాను. మీ తలుపు తట్టాను, మీరు లేరు. క్షమించండి. కొత్త కుండీ తెచ్చి మొక్క నాటాను, ఇందాక ఇక్కడికి వస్తూ మీ గుమ్మం పక్కన పెట్టాను."

"నువ్వా?" అంది టీచరమ్మ. "పొద్దున పెంకులు చూసి పిల్లి పనే అనుకుని, చీపురు పట్టుకుని మేడ చుట్టూ తిప్పాను దాన్ని."

సెక్రటరీ గారు బల్ల మీద చేయి ఆనించారు. "విన్నారుగా అందరూ? కుండీ కొట్టిన మనిషి గేటు కొట్టలేదంటే ఎలా నమ్మడం?"

"కుండీ నేను కొట్టానని మీకెవరు చెప్పారండీ?" అంది కోడలు.

"నువ్వే చెప్పావు, ఇప్పుడు."

"గేటు నేను కొట్టానని ఎవరు చెప్పారు?"

ఆయన చుట్టూ చూశారు. ఎవరికి వారు పక్కవాళ్ళు చెబుతారేమోనని చూస్తున్నారు.

"ఆస్పత్రికి ఉత్తరం రాస్తామన్నారు. రాయండి. కుండీ గురించి రాయండి, నేను సంతకం పెడతాను. ఆ మాట వాళ్ళకి నేనే ఫోను చేసి చెప్పాను కూడా. బండిలో రోగులెవరైనా ఉన్నారా అని అడిగారు. లేరన్నాను. ఇంకొక్క మాట వస్తే పని తీసేస్తామన్నారు. గేటు రాస్తే ఆ ఇంకొక్క మాట అదే అవుతుంది. అయినా సంతకం పెట్టను. చేసింది అడగండి, పది మందిలో ఒప్పుకుంటాను. చేయనిది మాత్రం నా నోటితో అనిపించలేరు."

సెక్రటరీ గారు నా వైపు తిరిగారు. గొంతు మెత్తబడింది. "పెద్దవారు మీరైనా చెప్పండి. ఇంటి తరఫున ఒక్క మాట."

మీటింగులో నేను ఎన్నడూ మాట్లాడలేదు. ముందు కుర్చీ పట్టుకుని లేచాను.

"రోజూ దేవుడి ముందు తెలియని తప్పులకి కూడా దణ్ణం పెడతానండీ. ఆయనకి ఏది నా తప్పో, ఏది కాదో తెలుసు కాబట్టి పెడతాను. మీకు తెలియదు. తెలియని వాళ్ళ దగ్గర తప్పు ఒప్పుకుంటే అది అణకువ కాదనిపిస్తోంది. నేను చెప్పను," అని కూర్చున్నాను. సరిగ్గా అన్నానో లేదో ఇప్పటికీ తెలియదు. మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"సరే. ఉత్తరం రాయాలనే వాళ్ళు చేతులెత్తండి," అన్నారు సెక్రటరీ గారు. ముందు తన చెయ్యి ఎత్తారు. ఆయన పక్కన కూర్చున్న కోశాధికారి సగం ఎత్తి, చెవి గోక్కుని దించేశాడు. ఇంకో చెయ్యి లేవలేదు.

"ఆ కెమెరా ఉండాలనే వాళ్ళు కూడా ఎత్తొచ్చా?" అని టీచరమ్మ అడిగింది. ఎవరూ ఔననకముందే తన చెయ్యి ఎత్తింది. "మా మొక్కల వైపు కూడా కాస్త తిప్పమ్మా. పిల్లికి ఊరట."

సెక్రటరీ గారు ఓడిపోయానని అనలేదు. గేటు విషయం మళ్ళీ చూద్దాం అన్నారు. గేటు ఎవరు కొట్టారో ఇవాళ్టికీ తేలలేదు.

ఇంటికి రాగానే కర్టెన్ విప్పి బల్ల మీద పరిచాను. కెమెరా ఎక్కడికొస్తుందో కొలుచుకుని, ఒక పసుపు పువ్వు నడిమధ్య గుండ్రంగా కత్తిరించి, అంచు పోగులు ఊడకుండా కాజా కుట్టు వేశాను.

"కర్టెన్‌కి కాజా ఏమిటండీ? గుండీ ఎక్కడ పెడతారు?" అంది మా ఆవిడ.

"కంటికి కుట్టాను," అన్నాను.

తగిలించడానికి కిందికి వెళ్తే కోడలు అప్పుడే బండి తిప్పి పెడుతోంది. ఎప్పుడూ పెట్టే చోటే, తెల్ల గీతల మధ్య. ముందు భాగం నోటీసు బోర్డుకి ఎదురుగా వచ్చేలా నిలిపి తాళం తీసింది. ఎర్ర తీగలో కరెంటు పోయినట్టుంది, నీలం దీపం మెరవడం మొదలుపెట్టింది. బోర్డు మీద కాగితం ఇంకా అలాగే ఉంది. పెద్ద బండి వారు తప్పు ఒప్పుకోవాలి అని.

"చింపేయనా అమ్మా?" అన్నాను.

"వద్దు మామయ్యా, ఉండనివ్వండి. చదివిన వాళ్ళు వెనక్కి తిరిగితే బండి కూడా కనిపిస్తుంది," అని వెనక తలుపు పైకెత్తింది. నేను దాని కింద నిలబడి, కెమెరా కన్ను పువ్వులోంచి బయటికి వచ్చేలా కర్టెన్ సర్దాను. ఈసారి తలుపు మూశాక ఇద్దరం ఫోను తీసి చూశాం.